ప్రసార కేంద్రంలో ఒక సెమిస్టర్

సాంకేతిక విద్య చదివే విద్యార్థులు తరగతి గదిలో నేర్చుకున్నదాన్ని, పని జరిగే చోట కొన్ని నెలల పాటు ఉండి, అక్కడి ఉద్యోగుల పర్యవేక్షణలో సరిచూసుకునే ఏర్పాటును పారిశ్రామిక శిక్షణ అంటారు. పాలిటెక్నిక్ విద్యార్థుల నోట ఇది ఇండస్ట్రియల్ ట్రైనింగ్. జర్నలిజం, మల్టీమీడియా కోర్సులవారికి ఇంటర్న్‌షిప్. యంత్రాల కర్మాగారం, విద్యుత్ సబ్‌స్టేషన్, టెలిఫోన్ ఎక్స్ఛేంజి, సాఫ్ట్‌వేర్ సంస్థ వంటి అనేక చోట్ల ఈ శిక్షణ జరుగుతున్నప్పటికీ, టెలివిజన్ కేంద్రానికి మిగిలినవాటిలో కనిపించని ఒక లక్షణం ఉంది. కర్మాగారంలో తయారైన వస్తువును తనిఖీ చేసి, బాగా లేకపోతే పక్కన పడేసి, బాగున్నదాన్నే గేటు దాటించవచ్చు; ప్రత్యక్ష ప్రసారంలో తయారీ, సరఫరా, వినియోగం మూడూ దాదాపు ఒకే క్షణంలో జరిగిపోతాయి కాబట్టి, తప్పు జరిగిందని గుర్తించేసరికే అది ఇంటింటికీ చేరిపోయి ఉంటుంది.

ఈ లక్షణం వల్ల టీవీ కేంద్రంలోని శిక్షణకు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. విద్యార్థులు వచ్చేది స్వయంగా పని చేసి నేర్చుకోవడానికి. అనుభవం లేనివారి చేయి పరికరం మీద పడకుండా చూడటం ప్రసార కేంద్రం పాటించే మొదటి జాగ్రత్త. ఈ రెండు అవసరాలనూ ఎంత నేర్పుగా సర్దుబాటు చేయగలిగారన్నదాన్ని బట్టే ఆ సెమిస్టర్ చదువుగా మిగులుతుందో, చేతికొచ్చే సర్టిఫికెట్‌గా మాత్రమే మిగులుతుందో తేలుతుంది.

చదువు, పని కలిసిన దారి

చదువు మధ్యలో విద్యార్థిని పనిలోకి పంపే పద్ధతికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ ఆచార్యుడు హెర్మన్ ష్నైడర్ 1906లో, కొంతకాలం తరగతి, కొంతకాలం కర్మాగారం అనే వంతుల పద్ధతిని ప్రవేశపెట్టారు. రెండు విడతల చదువు మధ్య ఒక విడత పని ఉండే ఇటువంటి కోర్సులకు బ్రిటన్‌లో శాండ్‌విచ్ కోర్సులన్న పేరు స్థిరపడి, ఆ పేరుతోనే భారతదేశపు పాలిటెక్నిక్‌లలోకీ వచ్చాయి. సాధారణ డిప్లొమా మూడేళ్లదైతే, శాండ్‌విచ్ డిప్లొమా పని విడతలతో కలిపి మూడున్నరేళ్లు సాగుతుంది. తర్వాతి కాలంలో మూడేళ్ల డిప్లొమాలోనే పారిశ్రామిక శిక్షణకు చోటు కల్పించడంతో, తెలుగు రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్స్ శాఖ విద్యార్థులు చివరి సంవత్సరంలో సుమారు ఆరు నెలలు ఏదో ఒక సంస్థలో గడపడం పరిపాటి అయింది.

ఈ శిక్షణను అప్రెంటిస్‌షిప్‌తో కలిపేసి మాట్లాడటం కద్దు గానీ, రెండింటికీ తేడా ఉంది. పారిశ్రామిక శిక్షణ కోర్సులో భాగం; దానికి మార్కులుంటాయి, అది పూర్తి కాకపోతే డిప్లొమా రాదు. అప్రెంటిస్‌షిప్ సాధారణంగా కోర్సు ముగిసిన తర్వాత మొదలయ్యేది. దానికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఆధారం. మొదట ఐటీఐ స్థాయి వృత్తులకే పరిమితమైన ఆ చట్టాన్ని 1973లో సవరించి, ఇంజినీరింగ్ పట్టభద్రులను, డిప్లొమాదారులను దాని పరిధిలోకి తెచ్చారు. వీరికి ఏడాది పాటు స్టైపెండ్, అంటే శిక్షణ కాలపు భృతి లభిస్తుంది. దక్షిణాది రాష్ట్రాలలో ఈ వ్యవహారాన్ని చెన్నైలోని అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది. కోర్సులో భాగమైన శిక్షణకు సాధారణంగా అలాంటి చట్టబద్ధమైన భృతి లేనందువల్ల, సంస్థ ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు.

ఇదే కాలంలో ఇంకొక దేశం ఈ విషయాన్ని మరింత పకడ్బందీగా నడపాలని చూసింది. నైజీరియా 1971లో పారిశ్రామిక శిక్షణ నిధిని నెలకొల్పి, 1973లో దాని ఆధ్వర్యంలో విద్యార్థుల పని అనుభవ పథకాన్ని ప్రారంభించింది. పాలిటెక్నిక్ విద్యార్థులు నాలుగు నెలలు, విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆరు నెలలు సంస్థల్లో పని చేయాలనీ, రోజువారీ పనిని లాగ్‌బుక్‌లో రాసి సంస్థలోని పర్యవేక్షకుడి చేత సంతకం చేయించాలనీ, కళాశాల నుంచి మరో పర్యవేక్షకుడు వచ్చి చూసి పోవాలనీ అందులో నియమం. ఆ దేశంలో ఎలక్ట్రానిక్స్, మాస్ కమ్యూనికేషన్ విద్యార్థులు టీవీ కేంద్రాలకు వెళ్లడం ఈ పథకం కిందనే జరుగుతుంది. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న టెలివిజన్ ప్రయోగాత్మకంగా మొదలైతే, నైజీరియాలోని ఇబాదాన్ నగరంలో అదే ఏడాది అక్టోబరు 31న మొదలైంది. వయసులో ఒకటిన్నర నెల తేడా ఉన్న ఈ రెండు ప్రసార వ్యవస్థలూ విద్యార్థులకు తలుపు తెరిచినప్పుడు ఎదురైన ప్రశ్నలు ఒకటే: ఎవరు నేర్పాలి, ఎవరు చూడాలి, ఎవరు సంతకం పెట్టాలి?

తెలుగు నేలపై శిక్షణ స్థలాలు

తెలుగు ప్రాంతంలో టెలివిజన్ పల్లెల నుంచి మొదలైంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలను చేరవేసిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ ప్రయోగానికి కార్యక్రమాలు తయారు చేసిన ఢిల్లీ, కటక్, హైదరాబాద్ కేంద్రాలలో తెలుగు కార్యక్రమాల బాధ్యత హైదరాబాద్‌ది. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు ఆరంభించింది. రామంతాపూర్‌లోని ఆ కేంద్రం చాలాకాలం పాటు తెలుగు విద్యార్థులు టీవీ స్టూడియోను కళ్లారా చూడటానికి ఉన్న ప్రధాన ఆధారం. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2003-04 ప్రాంతంలో ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా చానళ్ల యుగం మొదలైంది. రాష్ట్ర విభజన తర్వాత దూరదర్శన్ హైదరాబాద్‌లో యాదగిరిగా, విజయవాడలో సప్తగిరిగా కొనసాగుతోంది. ఫలితంగా విద్యార్థులకు అవకాశాలు పెరిగాయి గానీ, ఒక్కో చోట దొరికే శిక్షణ స్వభావం మారింది.

ప్రభుత్వ ప్రసార సంస్థలో ఇంజినీరింగ్ విభాగం వేరుగా, పెద్దగా ఉంటుంది. ప్రతి పరికరానికీ నిర్వహణ రిజిస్టరు, షిఫ్టు రిజిస్టరు ఉంటాయి. పని నిదానంగా, పద్ధతిగా సాగుతుంది. ప్రైవేటు వార్తా చానల్‌లో పరికరాలు కొత్తవి, మనుషులు తక్కువ, వేగం ఎక్కువ. మొదటి చోట మూలసూత్రాలు అడిగి తెలుసుకోవడానికి తీరిక దొరుకుతుంది. రెండో చోట పని ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఏది మేలన్నది విద్యార్థికి ఏమి తెలుసన్నదాన్ని బట్టి ఉంటుంది: పునాది బలహీనంగా ఉన్నవారు నేరుగా వేగంలోకి దిగితే బటన్ల వరస గుర్తుంటుంది, దాని వెనుక కారణం మాత్రం చేతికి చిక్కదు.

సంకేతం నడిచే దారి

టీవీ కేంద్రానికి వచ్చిన సాంకేతిక విద్యార్థి ముందుగా ఒంటబట్టించుకోవలసింది సిగ్నల్ చైన్, అంటే కెమెరా నుంచి ప్రేక్షకుడి ఇంటి దాకా దృశ్య సంకేతం దాటిపోయే మజిలీల వరస. కెమెరా కటకం ద్వారా వచ్చిన కాంతిని లోపలి సెన్సర్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. స్టూడియోలోని ప్రతి కెమెరాకూ కంట్రోల్ రూమ్‌లో ఒక కెమెరా కంట్రోల్ యూనిట్ ఉంటుంది. సీసీయూ అని పిలిచే ఈ పరికరం దగ్గర కూర్చున్న ఇంజినీరు కాంతి ద్వారం ఎంత తెరుచుకోవాలో, నలుపు ఎక్కడ మొదలవ్వాలో, మూడు కెమెరాలలో ఒకే మనిషి ముఖం ఒకే రంగులో ఎలా కనిపించాలో సరిచేస్తారు. దీనికి కంటి అంచనా చాలదు. వెలుగు స్థాయిని గీతలుగా చూపే వేవ్‌ఫామ్ మానిటర్, రంగు స్వభావాన్నీ గాఢతనూ వృత్తాకార పటం మీద చుక్కలుగా చూపే వెక్టర్‌స్కోప్ అనే రెండు కొలత పరికరాలు ఇందుకు ఆధారం.

వైట్ బ్యాలెన్స్ అనే చిన్న పని ఈ చైన్ మొత్తానికీ నమూనా లాంటిది. పాత తరహా స్టూడియో దీపాల వెలుగు సుమారు 3,200 కెల్విన్ల వర్ణ ఉష్ణోగ్రతతో పసుపు వైపు మొగ్గితే, పగటి వెలుగు సుమారు 5,600 కెల్విన్లతో నీలం వైపు మొగ్గుతుంది. మనిషి కన్ను ఆ తేడాను తనంతట తానే సర్దుకుంటుంది గానీ, కెమెరాకు ఆ వెలుగులో తెలుపంటే ఏదో చెప్పాలి. అందుకే తెల్లని కార్డును కెమెరా ముందుంచి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలు మూడూ సమానమయ్యేలా చేస్తారు. కార్డు పట్టుకుని నిలబడే పని మొదటి వారంలోనే శిక్షణార్థికి అప్పగిస్తారు. కార్డు పట్టుకున్నప్పుడే వెక్టర్‌స్కోప్ మీది చుక్క కేంద్రం వైపు జరగడాన్ని గమనించినవారికి, వర్ణ సంకేతం గురించి పుస్తకంలో చదివిన పేజీలు అప్పటికప్పుడు అర్థమవుతాయి. గమనించనివారికి అది అట్ట పట్టుకోవడంగానే మిగిలిపోతుంది.

కెమెరాలు, గ్రాఫిక్స్, ముందే రికార్డు చేసిన క్లిప్పులు అన్నీ పీసీఆర్‌కు, అంటే ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్‌కు చేరతాయి. అక్కడి స్విచర్ మీద ఏ దృశ్యం ఎప్పుడు బయటికి వెళ్లాలో నిర్ణయిస్తారు. ఒక దృశ్యం నుంచి మరోదానికి మారినప్పుడు బొమ్మ అదరకుండా ఉండాలంటే కేంద్రంలోని అన్ని పరికరాలూ ఒకే గడియారానికి లోబడి, ఒకే క్షణంలో ఫ్రేమును మొదలుపెట్టాలి. ఆ గడియారపు స్పందనలను పంచే పరికరం సింక్ పల్స్ జనరేటర్. పీసీఆర్ నుంచి సంకేతం ఎంసీఆర్‌కు, అంటే మాస్టర్ కంట్రోల్ రూమ్‌కు వెళుతుంది. దూరదర్శన్‌లో దీన్ని మాస్టర్ స్విచింగ్ రూమ్ అంటారు. ప్రకటనలు, చానల్ లోగో, కార్యక్రమాల వరస ఇక్కడ కలుస్తాయి.

ఆ తర్వాతి మజిలీ భూకేంద్రం. హైడెఫినిషన్ దృశ్యం కేంద్రంలోని తీగల మీద సెకనుకు దాదాపు 150 కోట్ల బిట్ల వేగంతో ప్రవహిస్తుంది. అంత సమాచారాన్ని ఉపగ్రహానికి పంపడం సాధ్యం కాదు కాబట్టి, ఎన్‌కోడర్ దాన్ని వందో వంతు కన్నా తక్కువకు కుదిస్తుంది. పక్క ఫ్రేములో మారనిదాన్ని మళ్లీ పంపకపోవడం ఈ కుదింపులోని కీలకం. కుదించిన సంకేతాన్ని సుమారు 6 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో పైకి పంపితే, భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహం దాన్ని సుమారు 4 గిగాహెర్ట్జ్‌కు మార్చి తిరిగి కిందికి పంపుతుంది. కేబుల్, డీటీహెచ్ సంస్థలు అక్కడి నుంచి అందుకుంటాయి. ఎక్కే పౌనఃపున్యం, దిగే పౌనఃపున్యం వేరుగా ఉండటానికి కారణం ఉంది: రెండూ ఒకటే అయితే ఉపగ్రహం పంపే బలమైన సంకేతం, అది అందుకోవలసిన బలహీనమైన సంకేతాన్ని ముంచేస్తుంది.

ఒక బులెటిన్ లోపలి లెక్క

ఈ చైన్ అంతా ఒకేసారి పని చేయడాన్ని చూడాలంటే వార్తల బులెటిన్ సమయంలో పీసీఆర్‌లో వెనుక గోడకు ఆనుకుని నిలబడాలి. ముందున్న గోడంతా మానిటర్లు. ప్రతిదాని కిందా ఒక పేరు. ప్రొడ్యూసర్ చేతిలో రన్‌డౌన్, అంటే ఏ వార్త తర్వాత ఏది, ఒక్కొక్కదానికి ఎన్ని నిమిషాలు, అందులో యాంకర్ చదివేది ఎంత, బైట్ ఎంత, ప్యాకేజీ ఎంత అని రాసిన పట్టిక ఉంటుంది. బైట్ అంటే వార్తతో సంబంధమున్న వ్యక్తి మాటల ముక్క. ప్యాకేజీ అంటే దృశ్యాలు, వాయిస్ ఓవర్, బైట్లు కలిపి ముందే కూర్చిన కథనం. ఈ పట్టికను ఎంత జాగ్రత్తగా తయారు చేసినా బులెటిన్ మధ్యలో అది రెండు మూడు సార్లు తిరగబడటం మామూలే. కొత్త వార్త వచ్చినప్పుడు యాంకర్ చెవిలోని ఇయర్‌పీస్‌లో ప్రొడ్యూసర్ చెప్పే రెండు మాటలతో వరస మారిపోతుంది; టెలిప్రాంప్టర్ నడిపేవారు, గ్రాఫిక్స్ వేసేవారు, క్లిప్పులు వదిలేవారు అదే మాటను టాక్‌బ్యాక్‌లో, అంటే సిబ్బంది తమలో తాము మాట్లాడుకునే లైనులో విని తమ పట్టికలను అప్పటికప్పుడు మార్చుకుంటారు.

లైవ్‌లో ఉన్న రిపోర్టర్ ప్రశ్న విన్న తర్వాత కాసేపు తల ఊపుతూ నిలబడి, ఆ తర్వాత జవాబు మొదలుపెట్టడం ప్రేక్షకులందరూ చూసిందే. ఉపగ్రహానికి ఎక్కి దిగడానికి సంకేతం దాదాపు 72 వేల కిలోమీటర్లు ప్రయాణించాలి. కాంతి వేగంతో పోయినా అందుకు పావు సెకను పడుతుంది, కుదింపుకూ విప్పడానికీ మరికొంత. ఇప్పుడు రిపోర్టర్లు వీపున తగిలించుకునే బ్యాక్‌ప్యాక్ పరికరంలో అనేక సిమ్ కార్డులు ఉండి, దృశ్యాన్ని ముక్కలుగా మొబైల్ నెట్‌వర్క్‌ల మీద పంపుతాయి. ఆ ముక్కలన్నీ చేరి మళ్లీ కూడుకోవడానికి సెకను, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఈ ఆలస్యం ఉన్న చోట కేంద్రపు ధ్వనిని ఉన్నదున్నట్టు రిపోర్టర్ చెవికి పంపితే, తన గొంతే తనకు ఆలస్యంగా వినిపించి నాలుక తడబడుతుంది. అందుకే ఆడియో ఇంజినీరు మొత్తం ధ్వనిలోంచి ఆ రిపోర్టర్ గొంతును మాత్రం తీసేసి మిగిలినదాన్ని పంపుతారు. దీన్ని మిక్స్-మైనస్ అంటారు. ముగ్గురు రిపోర్టర్లు లైవ్‌లో ఉంటే మూడు వేర్వేరు మిశ్రమాలు కావాలి. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా ఉండే సంకేత విలంబనం మనిషి మాటను ఎలా చెడగొడుతుందో, దాన్ని ఎలా సరిదిద్దుతారో విద్యార్థికి ఇక్కడే తెలిసివస్తుంది.

పాఠానికీ పరికరానికీ మధ్య

టీవీ కేంద్రంలో అడుగుపెట్టిన విద్యార్థులు తరచుగా చెప్పే ఫిర్యాదు, తాము చదివినది అక్కడ లేదనీ, అక్కడ ఉన్నది తాము చదవలేదనీ. ఇందులో నిజం ఉంది. 625 గీతల పాల్ విధానం, దృశ్యానికి పాక్షిక పార్శ్వపట్టీ మాడ్యులేషన్, ధ్వనికి ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్, రెండు క్యారియర్ల మధ్య 5.5 మెగాహెర్ట్జ్ దూరం వంటివి టీవీ ఇంజినీరింగ్ పాఠాల్లో చాలాకాలం ప్రధాన స్థానంలో ఉన్నాయి. ఇవన్నీ భూతల ట్రాన్స్‌మిటర్లకు సంబంధించినవి. దూరదర్శన్ తన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసివేస్తూ వచ్చి, 2022 నాటికి చాలావరకు ముగించింది. ఒకప్పుడు జిల్లా కేంద్రాల్లోని తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్ల దగ్గర సైతం విద్యార్థికి చూడటానికి ఏదో ఒకటి ఉండేది; ఆ అవకాశం ఇప్పుడు దాదాపు లేదు. మరోవైపు కొత్త కేంద్రాలలో దృశ్యం, ధ్వని కంప్యూటర్ నెట్‌వర్క్ ప్యాకెట్లుగా ప్రయాణిస్తున్నాయి. ఇందుకోసం 2017లో ఎస్‌టీ 2110 అనే ప్రమాణాల వరస వెలువడింది. అంటే నేటి ప్రసార ఇంజినీరు సగం నెట్‌వర్క్ ఇంజినీరు కూడా.

అయితే పరికరం మారినంత త్వరగా సూత్రం మారదు. 75 ఓమ్‌ల తీగను సరైన నిరోధంతో ముగించకపోతే సంకేతం వెనక్కి పరావర్తనం చెందడం అనలాగ్‌లో ఎంత నిజమో డిజిటల్ తీగలోనూ అంతే నిజం. అప్పట్లో బొమ్మకు నీడలు పడేవి. ఇప్పుడు కొంత దూరం దాకా బొమ్మ బాగానే ఉండి, ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా మాయమవుతుంది. పరికరాలన్నీ ఒకే గడియారానికి కట్టుబడాలన్న నియమం ప్యాకెట్ల కాలంలో సడలకపోగా మరింత బిగిసింది. డెసిబెల్, ఎర్తింగ్, యూపీఎస్, స్టాండ్‌బై లైన్ వంటి మాటలు ఏ తరం కేంద్రంలోనైనా రోజూ వినిపించేవే. పాఠం పాతదైందని విసుక్కునే విద్యార్థికి, పాత పాఠంలోని ఏ సూత్రం కొత్త పరికరంలో ఏ రూపంలో దాగి ఉందో చూపించగలిగిన ఇంజినీరు దొరికితే ఆ శిక్షణ సగం ఫలించినట్టే.

చేతికి పని అందే క్రమం

బాగా నడిచే కేంద్రాలలో శిక్షణార్థి చేతికి పని ఒక క్రమంలో అందుతుంది. మొదట చూడటం, తర్వాత తప్పు జరిగినా ప్రసారానికి ముప్పు లేని పనులు, ఆ తర్వాత రికార్డింగులు, రిహార్సళ్లు, చివరగా, అదీ పక్కన సీనియర్ ఉన్నప్పుడే, ప్రసారంలో ఉన్న పరికరం. రెండో దశలోని పనులు చూడటానికి కూలి పనుల్లా కనిపిస్తాయి: బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెట్టడం, వాటికి తేదీలు వేయడం, లేపల్ మైకులు పరీక్షించడం, తీగలు చుట్టడం, వచ్చిన ఫుటేజీని సర్వర్‌లోకి ఎక్కించి తేదీ, స్థలం, విషయం రాయడం. వీటిలో ఒక్కొక్కదాని వెనుకా కారణం ఉంది. మైకు తీగను మోచేతికి వేసి ఒకే దిశలో చుట్టుకుంటూ పోతే ప్రతి చుట్టుతో అది మెలితిరిగి, లోపలి సన్నని పోగులు క్రమంగా తెగుతాయి. ఒక చుట్టు ముందు నుంచి, తర్వాతి చుట్టు వెనుక నుంచి వేస్తే మెలికలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, విసిరినప్పుడు తీగ చిక్కుపడకుండా పరుచుకుంటుంది. ఫుటేజీకి తప్పు తేదీ రాస్తే ఏడాది తర్వాత అదే దృశ్యం వేరే సంఘటన పేరుతో ప్రసారమయ్యే ప్రమాదం ఉంది.

నేర్చుకోవడానికి అన్నిటికన్నా అనువైన సమయం ప్రసార ఒత్తిడి లేని నిర్వహణ వేళ. రాత్రి పొద్దుపోయాక గానీ మధ్యాహ్నం స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు గానీ పరికరాల మూతలు తెరిచి దుమ్ము దులిపి, ఫ్యాన్లు చూసి, కనెక్టర్లు బిగించి, కొలతలు తీసి రిజిస్టరులో రాస్తారు. స్టాండ్‌బై యంత్రం నిజంగా పని చేస్తుందా, కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు మోస్తుంది, జనరేటర్ ఎప్పుడు అందుకుంటుంది అన్న పరీక్షలు అప్పుడే జరుగుతాయి. పగటిపూట షిఫ్టులకు మాత్రమే వచ్చి వెళ్లే విద్యార్థికి ఈ భాగం కనిపించదు.

జర్నలిజం విద్యార్థులు ఇదే కేంద్రంలో డెస్క్ వైపు ఉంటారు. జిల్లాల నుంచి స్ట్రింగర్లు, అంటే వార్తకు ఇంత అన్న లెక్కన పని చేసే విలేకరులు పంపిన సమాచారాన్ని సరిచూడటం, పది నిమిషాల ప్రసంగంలో పదిహేను సెకన్ల బైట్ ఎక్కడుందో గుర్తించి టైమ్‌కోడ్ రాయడం, స్క్రోల్‌కు నాలుగైదు మాటల్లో వార్త రాయడం వారి తొలి పనులు. తెలుగు చానళ్లలో గ్రాఫిక్స్ దగ్గర ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఒకటుంది: పాత ఫాంట్లలో టైపు చేసిన వచనాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోతుంటాయి, కొన్ని గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్లు జంటాక్షరాలను విడదీసి చూపిస్తాయి. తెర మీదికి వెళ్లే ముందు ప్రతి పేరునూ, ప్రతి ఊరినీ మరో జత కళ్లు చూడాలన్న నియమం అక్కడ పుట్టినదే. ఆ రెండో జత కళ్లు చాలాసార్లు శిక్షణార్థివే.

డైరీ, సంతకం, లోపాలు

శిక్షణ ముగిశాక విద్యార్థి చేతిలో మిగిలే ఆధారం డైరీ, లేదా లాగ్‌బుక్. దాన్ని ఎలా రాశారన్నదాన్ని బట్టి శిక్షణ ఎలా జరిగిందో చెప్పవచ్చు. ‘ఈ రోజు పీసీఆర్ చూశాను’ అని రాస్తే అది హాజరు పట్టీ. ఏ పరికరం, దాని లోపలికి ఏ సంకేతం వస్తుంది, బయటికి ఏది పోతుంది, ఆ రోజు ఏ లోపం వచ్చింది, దాన్ని ఎవరు ఏ క్రమంలో వెతికారు, చివరికి కారణం ఏమిటని తేలింది అని రాస్తే అది పాఠ్యపుస్తకంలో దొరకని అధ్యాయం. పర్యవేక్షకుడైన అధ్యాపకుడు కళాశాల నుంచి వచ్చినప్పుడు డైరీలోని ఒక లోపం గురించి అడిగి, దానికి సంబంధించిన బ్లాక్ డయాగ్రమ్‌ను అక్కడికక్కడే గీయించగలిగితే మూల్యాంకనం అర్థవంతమవుతుంది. సంతకాలు మాత్రమే వరసగా పడిపోతే, సెమిస్టర్ చివర పాత రిపోర్టులు పేర్లు మార్చుకుని తిరిగి కనిపిస్తాయి.

ఈ ఏర్పాటులోని లోపాలు తెలియనివి కావు. విద్యార్థుల సంఖ్యతో పోలిస్తే కేంద్రాల సంఖ్య చాలా తక్కువ. అవి కూడా హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లోనే ఎక్కువ. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చే విద్యార్థికి భృతి లేని ఆరు నెలల హాస్టల్ ఖర్చు మోయలేని భారమవుతుంది. కొన్ని చోట్ల శిక్షణార్థులను నెలల తరబడి ఒకే పనికి కట్టిపడేసి, జీతం లేని ఉద్యోగిగా వాడుకోవడం జరుగుతుంది. మరికొన్ని చోట్ల ఏ పనీ చెప్పకుండా రిసెప్షన్‌లో కూర్చోబెట్టడం జరుగుతుంది. అమ్మాయిలను రాత్రి షిఫ్టులకు దూరంగా ఉంచితే నిర్వహణ పనుల అనుభవం వారికి అందదు. ఆ షిఫ్టుల్లో వేస్తే రవాణా, భద్రత చూసే బాధ్యత సంస్థది. పని చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం శిక్షణార్థులకూ వర్తిస్తుందన్న సంగతి, శిక్షణకు పంపే ముందే కళాశాలలు విద్యార్థినులకు చెప్పవలసినది.

వీటికి పరిష్కారాలు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. కళాశాల, కేంద్రం కలిసి వారాలవారీగా విభాగాల పట్టిక ముందే రాసుకోవడం, విద్యార్థుల బృందానికి పేరు పెట్టి ఒక ఇంజినీరును అప్పగించడం, ఆ ఇంజినీరు వెచ్చించే సమయాన్ని ఆయన పనిలో భాగంగా లెక్కించడం, ప్రసారంలోంచి తొలగించిన పాత పరికరాలను చెత్త లెక్కన అమ్మే బదులు ఒక గదిలో సిగ్నల్ చైన్‌గా కలిపి విద్యార్థులకు వదిలేయడం వంటివి చాలు. పాత స్విచర్, రెండు కెమెరాలు, ఒక వేవ్‌ఫామ్ మానిటర్ ఉన్న అలాంటి గదిలో తీగ పీకేసినా ఎవరికీ నష్టం లేదు. తాకనివ్వని కేంద్రంలో తాకి నేర్చుకునే చోటు అదొక్కటే.

శిక్షణ ఫలించిందో లేదో తేల్చడానికి ఒక ప్రశ్న చాలు. తెర మీద బొమ్మ పోయి నలుపు మిగిలింది, ధ్వని మాత్రం వస్తోంది. మొదట ఎక్కడ చూడాలి? శిక్షణను చూసి సరిపెట్టుకున్న విద్యార్థి తనకు తెలిసిన పరికరాల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతారు. దాన్ని వంటబట్టించుకున్న విద్యార్థి, ధ్వని వస్తున్నదంటే ఉపగ్రహ మార్గం బాగానే ఉన్నట్టు లెక్క కనుక భూకేంద్రాన్ని పక్కన పెట్టి, దృశ్యం, ధ్వని విడివిడిగా నడిచే చోట్లలో నడిమి మజిలీని, అంటే ఎంసీఆర్ నుంచి వెలువడే సంకేతాన్ని ముందు చూస్తారు. అక్కడ బొమ్మ ఉంటే తర్వాతి ఎన్‌కోడర్ వైపు, లేకపోతే వెనక్కి పీసీఆర్ వైపు వెతుకుతారు. అంతకన్నా ముందు, ప్రేక్షకుడు నలుపు చూస్తూ కూర్చోకుండా స్టాండ్‌బై మార్గానికి మార్చేయాలని అంటారు. ముందు ప్రసారం, తర్వాత కారణం అన్న ఆ వరసను చెప్పగలిగినవారికి, పరికరాన్ని తాము ఎన్నిసార్లు తాకారన్నది అంత పెద్ద విషయం కాదు.